జనవరిలో స్టాక్‌హోమ్ వస్తున్నాం. ఇల్లు ఎలా దొరుకుతుంది?

ఇదే పరిస్థితిలో ఉన్న మరొకరు చదివినా అర్థమయ్యేలా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను. మీకు స్టాక్‌హోమ్‌లోని కిస్తాలో ఉద్యోగం వచ్చింది. జీతం నెలకు 52 వేల క్రోనాలు (స్వీడన్ డబ్బు). మీ ఆవిడ, మూడేళ్ల పాప కూడా మీతోపాటే హైదరాబాద్ నుంచి వస్తున్నారు. అక్కడి నుంచే ఇల్లు ఖాయం చేసుకుని రావచ్చా, ఏ ఏరియా మంచిది, అద్దె దండగ కాబట్టి ఏకంగా కొనేస్తే పోదా అని అడిగారు. ఫేస్‌బుక్‌లో ఒకాయన సోడర్‌మాల్మ్‌లో రెండు గదుల ఇల్లు 9 వేలకే ఇస్తాను, రెండు నెలల అడ్వాన్సు పంపండి అంటున్నాడని రాశారు. ఇక్కడున్న మీ స్నేహితుడు "రిజిస్ట్రేషన్‌కి మా అడ్రస్ వాడుకో" అన్నాడని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు. ఇండియాలో కూర్చుని ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెట్టకండి. మొదటి నెల, నెలన్నరకు మాత్రం తాత్కాలిక బస చూసుకుని రండి. వచ్చాక శివార్లలో, అద్దెకు ఇవ్వడానికి అనుమతి కాగితం ఉన్న సెకండ్ హ్యాండ్ ఇల్లు, అంటే ఇప్పటికే అది తన పేరున ఉన్న మనిషి మళ్లీ మనకు అద్దెకిచ్చేది, తీసుకోండి. కొనే ఆలోచన ఏడాదిన్నర, రెండేళ్లు పక్కన పెట్టండి. ఫేస్‌బుక్ ఆయనకు ఒక్క క్రోనా కూడా పంపొద్దు. మీ స్నేహితుడు మంచి మనసుతోనే అన్నా, ఆ అడ్రస్ వాడుకోవద్దు.

నేను పదేళ్లకు పైగా స్టాక్‌హోమ్‌లో ఉంటున్నాను. ఉద్యోగం సాఫ్ట్‌వేరే. అయితే మా అపార్ట్‌మెంట్ సంఘం బోర్డులో సభ్యుణ్ణి కాబట్టి, ఇల్లు సెకండ్ హ్యాండ్‌కి ఇచ్చుకుంటామని ఓనర్లు పెట్టే దరఖాస్తులు చూస్తుంటాను. మరోవైపు కొత్తగా వచ్చిన మనవాళ్లు కాంట్రాక్టు ఫొటోలు పంపి "అన్నా, ఒకసారి చూసి చెప్పవా" అంటుంటారు. కాబట్టి ఇచ్చేవాళ్ల గోడు, తీసుకునేవాళ్ల గోడు రెండూ తెలుసు.

ఇల్లు చూడటానికి వెళ్లినవాళ్లు అద్దె ఎంత, మెట్రో ఎంత దూరం, బాల్కనీ ఉందా అని మొదలుపెడతారు. నేనైతే ఒకే ప్రశ్నతో మొదలుపెట్టమంటాను: "ఈ అడ్రస్‌లో మేం ముగ్గురం రిజిస్టర్ కావచ్చా?" తడుముకోకుండా అవునంటేనే మిగతా ప్రశ్నలు.

ఎందుకో చెప్తాను. ఇక్కడ జనాభా రిజిస్టరు స్కాట్టెవెర్కెట్ దగ్గర ఉంటుంది, అంటే పన్నుల శాఖ దగ్గర. ఏడాది, అంతకు మించి ఉండబోయేవాళ్లను వాళ్లు నిజంగా నివసించే అడ్రస్ మీద రిజిస్టర్ చేసి పర్సనల్ నంబర్ ఇస్తారు. ఆ నంబర్ వచ్చాక ఐడీ కార్డు. కార్డు వచ్చాక బ్యాంకులో పని సులువవుతుంది. ఖాతా తెరిచాక బ్యాంక్ ఐడీ, అంటే ఫోన్లోనే గుర్తింపు, సంతకం. దానితో స్విష్, అంటే మన ఫోన్‌పే లాంటిది. ఈ రెండూ లేకపోతే ఇక్కడ సగం పనులు ఆగిపోతాయి. ఆన్‌లైన్లో అద్దె కాంట్రాక్టు మీద సంతకం, కరెంటు కనెక్షన్, డాక్టర్ అపాయింట్‌మెంట్, పక్కింటి పాప అమ్మే బిస్కెట్ల డబ్బులు అన్నీ ఫోన్లోనే. నగదు తీసుకోని దుకాణాలు చాలా ఉన్నాయి.

మీకు పాప ఉంది కాబట్టి ఇంకో లెక్క. ఫర్‌స్కూలా, అంటే ఇక్కడి ప్రభుత్వ ప్రీస్కూల్ సీటు ఇచ్చేది కమ్యూన్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది. దరఖాస్తు పెట్టిన నాలుగు నెలల్లోపు సీటు చూపించాలని చట్టం. రిజిస్టర్ కావడం ఆలస్యమైతే ఆ నాలుగు నెలల లెక్క మొదలవడమూ ఆలస్యమే. నెలకు 1,250 క్రోనాల పిల్లల భత్యం, మీ ఆవిడకు ఉచితంగా స్వీడిష్ నేర్పే ఎస్ఎఫ్ఐ క్లాసులు కూడా రిజిస్ట్రేషన్ తర్వాతే.

మనవాడే ఒకాయన, వరంగల్ కుర్రాడు, ఊరి మధ్యలో మంచి ఇల్లు మంచి అద్దెకు దొరికిందని సంబరపడ్డాడు. ఓనర్ ఒకే ఒక్క షరతు పెట్టాడు: "ఇక్కడ రిజిస్టర్ కావద్దు, మిగతాదంతా మీ ఇష్టం." కారణం ఏమిటంటే, ఆ ఇల్లు ఓనర్‌ది కానే కాదు. అతనూ అద్దెకున్నవాడే, ఇల్లు అసలు ఎవరిదో ఆ హౌసింగ్ కంపెనీకి తెలియకుండా వేరేవాళ్లకు ఇచ్చాడు. కుర్రాడి భార్య ఆ చలికాలమంతా నంబర్ లేకుండా ఇంట్లోనే గడిపింది. చివరికి అసలు హౌసింగ్ కంపెనీకి విషయం తెలిసి, ఖాళీ చేయమన్నారు. రిజిస్టర్ కావద్దని చెప్పే ఓనర్ అంటే, మీరు అక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదని కోరుకునే ఓనర్. నిజానికి మీరు ఎక్కడ ఉంటే అక్కడే రిజిస్టర్ కావాలని చట్టమే చెప్తుంది. దాన్ని ఆపే హక్కు ఓనర్‌కు లేదు. కానీ అలాంటివాడితో గొడవ పెట్టుకుని ఆ ఇంట్లో ఉండగలరా?

మీ స్నేహితుడి సంగతికి వస్తాను. నిజంగా ఉండని ఇంట్లో ఉంటున్నట్టు రిజిస్టర్ కావడం 2018 నుంచి ఇక్కడ నేరం. ఉత్తరాలు మీ స్నేహితుడి ఇంటికి రప్పించుకోవడం వేరు, అక్కడే ఉంటున్నామని రాసివ్వడం వేరు. మొదటిది సాయం. రెండోది ఆయన్నూ, మిమ్మల్నీ ఇరికిస్తుంది. మీరు మొదటి కొన్ని వారాలు నిజంగానే వాళ్లింట్లో ఉంటే అది వేరే సంగతి. అప్పుడైనా ఇల్లు మారిన వారంలోపు కొత్త అడ్రస్ చెప్పాలి. డబ్బులకు అడ్రస్ అమ్మేవాళ్లు కూడా గ్రూపుల్లో కనిపిస్తారు, ఆ ఛాయలకే పోకండి.

ఇప్పుడు ఇక్కడి ఇళ్ల పద్ధతి. ఇది అర్థమైతే చాలా టెన్షన్ తగ్గుతుంది.

స్టాక్‌హోమ్‌లో అద్దె ఇంటి ఫస్ట్ హ్యాండ్ కాంట్రాక్టు అంటే హౌసింగ్ కంపెనీ నేరుగా మీ పేరున ఇచ్చేది. అద్దె తక్కువ, గడువు ఉండదు, మనల్ని వెళ్లగొట్టడం దాదాపు అసాధ్యం. ఆ అద్దెను మార్కెట్ నిర్ణయించదు. కిరాయిదారుల సంఘమూ కంపెనీలూ కూర్చుని బేరమాడి తేలుస్తాయి. అందుకే అద్దె తక్కువ, అందుకే క్యూ పొడుగు. నగరం నడిపే బోస్టాడ్స్‌ఫర్మెడ్లింగెన్ క్యూలో 8 లక్షల మందికి పైగా ఉన్నారు. సగటున దాదాపు 9 ఏళ్లు పడుతుంది. ఊరి మధ్యలో కావాలంటే అంతకు ఎన్నో ఏళ్లు ఎక్కువ. ఇక్కడ పుట్టిన పిల్లలు 18 నిండిన రోజునే పేరు నమోదు చేసుకుంటారు.

అయినా వచ్చిన వారంలోనే ఆ క్యూలో చేరండి, ఇద్దరూ విడివిడిగా. ఏడాదికి చిన్న ఫీజు. అది కట్టడం మర్చిపోతే పోగైన రోజులు పోతాయి, క్యాలెండర్లో రాసిపెట్టుకోండి. ఇప్పుడు పనికిరాకపోయినా నాలుగైదేళ్ల తర్వాత శివార్లలో కొత్త బిల్డింగులకు ఆ రోజులు అక్కరకొస్తాయి. అదే క్యూలో తాత్కాలిక కాంట్రాక్టులు, కొత్తగా కట్టిన ఖరీదైన ఇళ్లు త్వరగా దొరుకుతుంటాయి. హోమ్‌క్యూ అనే సైట్లో కూడా ప్రైవేటు కంపెనీల ఫస్ట్ హ్యాండ్ ఇళ్లు వస్తాయి. వాటిలో కొన్ని క్యూతో పని లేకుండా జీతం చూసి ఇచ్చేవి. అద్దె ఎక్కువే, కానీ కాగితాలు నిక్కచ్చిగా ఉంటాయి. పర్సనల్ నంబర్ వచ్చాక రోజూ చూస్తుండండి.

గ్రూపుల్లో "ఫస్ట్ హ్యాండ్ కాంట్రాక్టు అమ్ముతాం" అని ఎవరైనా అంటే అది బ్లాక్ వ్యాపారం. 2019 అక్టోబరు నుంచి అమ్మడమే కాదు, కొనడం కూడా నేరం. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లం ఆ తలనొప్పి తెచ్చుకోకూడదు.

మిగిలింది సెకండ్ హ్యాండ్. కొత్తగా వచ్చినవాళ్లలో దాదాపు అందరూ ఇక్కడే మొదలుపెడతారు. ఇందులో రెండు రకాలు ఉంటాయి, తేడా తెలియాలి.

మొదటిది బోస్టాడ్స్‌రెట్, అంటే సొంత ఫ్లాట్ లాంటిది. బిల్డింగ్ మొత్తం బీఆర్ఎఫ్ అనే సంఘానిది. అందులో వాటా కొన్నవాళ్లకు ఫ్లాట్‌లో ఉండే హక్కు వస్తుంది. దాన్ని అద్దెకు ఇవ్వాలంటే సంఘం బోర్డు అనుమతి తప్పనిసరి. రెండోది హీరెస్‌రెట్, అంటే తనే అద్దెకున్న మనిషి మళ్లీ మనకు ఇవ్వడం. దానికి అసలు హౌసింగ్ కంపెనీ ఒప్పుకోవాలి. పైగా అతను కట్టే అద్దె మీద, సామాన్లతో ఇస్తే మహా అయితే 15 శాతం మాత్రమే ఎక్కువ తీసుకోవాలి. మొదటి రకంలో ఓనర్ పెట్టిన పెట్టుబడికి వడ్డీ, ఖర్చులు కలుపుకుని అద్దె పెట్టుకోవచ్చు. కాబట్టి ఎక్కువే ఉంటుంది, అయినా నాకు మొదటి రకమే నయం అనిపిస్తుంది. రెండో రకంలో దొంగచాటు వ్యవహారాలు ఎక్కువ.

మా బోర్డుకు వచ్చే దరఖాస్తులో ఏముంటుందో చెప్తాను. ఓనర్ పేరు, ఫ్లాట్ నంబర్, అద్దెకు వచ్చేవాళ్ల పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, కారణం. వేరే ఊళ్లో ఉద్యోగం, విదేశాల్లో చదువు లాంటి కారణాలు ఉంటాయి. ప్రేమించిన మనిషితో కొన్నాళ్లు కలిసి ఉండి చూస్తాం, కుదరకపోతే తిరిగొస్తాం అన్నది కూడా ఇక్కడ చెల్లే కారణమే! మామూలుగా ఒక్కోసారి ఏడాదికి అనుమతి ఇస్తాం. ఇచ్చినట్టు ఈమెయిలో, ఉత్తరమో వెళ్తుంది. మీరు అడగాల్సింది ఆ కాగితమే. "అనుమతి ఉంది, మీకెందుకు" అనే ఓనర్‌తో మర్యాదగా ఇలా అనండి: "మా కంపెనీ హెచ్ఆర్ అడుగుతోంది, కాపీ పంపగలరా?" నిజాయితీ ఉన్నవాళ్లు నిమిషంలో పంపేస్తారు. అనుమానం వస్తే ఆ సంఘం బోర్డుకే ఈమెయిల్ పెట్టండి, బిల్డింగ్ కింద నోటీసు బోర్డు మీద ఆ వివరాలు ఉంటాయి. అలాంటి ఈమెయిల్స్‌కి మేం జవాబు ఇస్తాం. అదేమీ తప్పుగా అనుకోం.

అనుమతి ఏడాదికే కాబట్టి ఇంకో చిక్కు ఉంది. రెండో ఏడాది పొడిగింపు ఇస్తారో లేదో ఓనర్‌కే తెలియదు. ఇల్లు మారే ఖర్చు, పాప ఫర్‌స్కూలా మారే బాధ గుర్తుపెట్టుకుని, "ఇది మొదటి ఏడాదా, రెండోదా? తర్వాత మీ ఆలోచన ఏమిటి?" అని ముందే అడగండి. మా సంఘంలోనైతే విదేశాల్లో రెండు మూడేళ్ల పని మీద వెళ్లిన ఓనర్ల ఇళ్లలో అద్దెకున్నవాళ్లే ఎక్కువ కాలం కుదురుగా ఉన్నారు.

సొంత ఫ్లాట్ అద్దెకిచ్చే కాంట్రాక్టులకు ప్రత్యేక చట్టం ఉంది, 2013లో వచ్చింది. మీరు ఒక నెల నోటీసుతో ఖాళీ చేయొచ్చు. ఓనర్ మిమ్మల్ని పంపాలంటే కనీసం మూడు నెలలు ముందు చెప్పాలి. కాంట్రాక్టులో మీకూ మూడు నెలలే అని రాసినా, చట్టం ఇచ్చిన ఒక నెల హక్కు పోదు. అడ్వాన్సు మామూలుగా ఒకటి, రెండు నెలల అద్దె. మూడు నెలలు అడిగితే బేరమాడండి. తాళాలు తీసుకున్న రోజే గోడలు, నేల, స్టవ్, బాత్‌రూమ్ వీడియో తీసి ఓనర్‌కు ఈమెయిల్ చేయండి, వాట్సాప్‌లో వద్దు. ఇంటి ఇన్సూరెన్స్ తీసుకోండి, నెలకు పెద్ద ఖర్చు కాదు. వాషింగ్ మెషీన్ నీళ్లు కింద ఫ్లాట్‌లోకి కారితే ఎంత బిల్లు వస్తుందో మా బోర్డులో చూశాను.

ఇక సోడర్‌మాల్మ్‌లో 9 వేల ఇల్లు. అది ఊరి నడిబొడ్డు. అక్కడ రెండు గదుల ఇల్లు సెకండ్ హ్యాండ్‌లో ఆ అద్దెకు రాదు, దాదాపు రెట్టింపు ఉంటుంది. మీరు పంపిన మెసేజ్‌లో ఆయన లండన్‌లో ఉన్నానన్నాడు, తాళాలు కొరియర్లో పంపుతానన్నాడు. ఈ కథ నేను చాలాసార్లు విన్నాను. ఊరు మారుతుంది, అంతే. ఫొటోలు హెమ్‌నెట్ అనే అమ్మకాల సైటులోంచి తీస్తారు. ఫొటో మీద గూగుల్‌లో వెతికి చూడండి, అదే సోఫా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, మనవాళ్లకు వింతగా ఉంటుంది: ఎవరు ఏ అడ్రస్‌లో ఉంటారన్నది బహిరంగ సమాచారం. హిట్టా లాంటి సైట్లలో అడ్రస్ కొడితే అక్కడ రిజిస్టరైనవాళ్ల పేర్లు, వయసు కూడా వస్తాయి. ఓనర్‌నని చెప్పుకునే మనిషి పేరు ఎక్కడా కనిపించకపోతే గట్టిగా అడగండి. రేపు మీ పేరూ, మీ ఆవిడ పేరూ అలాగే కనిపిస్తాయి, కంగారుపడకండి.

మంచి ఇళ్లు వెతకడానికి ఖాసా, సామ్‌ట్రిగ్ లాంటి సైట్లున్నాయి. డబ్బు వాటి ద్వారా కట్టడం, అద్దె మొదలయ్యాకే ఓనర్‌కు చేరడం లాంటి రక్షణలు ఉంటాయి. "సైట్ బయట మాట్లాడుకుందాం, ఫీజు మిగులుతుంది" అన్నవాణ్ణి అక్కడే వదిలేయండి. అప్లై చేసేటప్పుడు రెండు పేరాలు రాయండి: మీరు ఎవరు, ఏ కంపెనీ, జీతం ఎంత, పొగతాగరు, పెంపుడు జంతువులు లేవు, ఎన్నాళ్లు ఉండాలనుకుంటున్నారు. ఓనర్లకు పదుల సంఖ్యలో మెసేజ్‌లు వస్తాయి, "హాయ్, ఈజ్ ఇట్ అవైలబుల్" అని రాసినవాటికి జవాబు రాదు. కుటుంబం ఫొటో ఒకటి పెడితే మంచిదే.

ఏరియాలు. స్టాక్‌హోమ్ కౌంటీ మొత్తానికి ఒకే టికెట్, మెట్రో, లోకల్ రైలు, బస్సు అన్నీ అందులోనే. నెల పాస్ వెయ్యి క్రోనాల పైచిలుకు. ఎంత దూరం వెళ్లినా అదే ధర కాబట్టి లైన్ చివర ఉన్నా టికెట్ ఖర్చు పెరగదు, సమయమే పోతుంది. మీ ఆఫీసు కిస్తాలో కాబట్టి నేను చెప్పే వరుస ఇది. హెలెనెలుండ్, సొలెంటూనా: లోకల్ రైలు దారి, కిస్తాకు దగ్గర, పిల్లలున్న మన కుటుంబాలు చాలా ఉన్నాయి. అకల్లా, కిస్తా: బ్లూ లైన్ మెట్రో, నడిచి ఆఫీసుకు వెళ్లొచ్చు. సుండ్‌బీబెరి: కాస్త ఖరీదు, కానీ దుకాణాలు, స్టేషన్ అన్నీ కిందే, వెస్త్రా స్కూగెన్‌లో ఒక్కసారి మెట్రో మారితే కిస్తా. యాకొబ్స్‌బెరి, బార్కర్బీ వైపు అద్దెలు కొంచెం తక్కువ, కొత్త బిల్డింగులు ఎక్కువ.

ఇందులో ఒక మెలిక. కిస్తా స్టాక్‌హోమ్ నగరంలోది, పక్కనే ఉన్న హెలెనెలుండ్ సొలెంటూనా కమ్యూన్‌లోది. ఫర్‌స్కూలా సీటు కమ్యూన్‌ది కాబట్టి, రెండు స్టేషన్ల దూరం మారినా పాపకు మళ్లీ మొదటి నుంచి క్యూ కావచ్చు. అందుకే తాత్కాలిక బస ఎక్కడైనా సరే, ఏడాది ఇల్లు మాత్రం మీరు స్థిరపడాలనుకునే కమ్యూన్‌లోనే వెతకండి.

కిస్తాకు దగ్గర్లోని రింకెబీ, టెన్స్టా కాలనీల పేర్లు విని భయపడి అడిగారు. నేరాల విషయంలో పోలీసుల జాబితాలో ఆ పేర్లు ఏళ్లుగా ఉన్నమాట నిజం. అవి 1965 నుంచి 1974 వరకు పదేళ్లలో పది లక్షల ఇళ్లు కట్టిన సర్కారు పథకంలో వచ్చిన కాలనీలు. హుస్బీ, అకల్లా కూడా అప్పటివే. ఇళ్లు విశాలంగా ఉంటాయి, వంటగదులు ఇప్పటి కొత్త ఫ్లాట్ల కంటే పెద్దవి. పగలు మీరు వెళ్లి ఆ వీధిలో నడిచి, సాయంత్రం ఏడు గంటలకు మళ్లీ ఒకసారి నడిచి, మీకే ఎలా అనిపించిందో దాన్నిబట్టి తేల్చుకోండి. నేనైతే చిన్నపాపతో కొత్తగా వచ్చేవాళ్లకు అకల్లా దాకా సరే అంటాను.

జీతం లెక్క: 52 వేలలో పన్ను పోగా చేతికి 40 వేల చుట్టూ వస్తుంది. క్రోనా అంటే దాదాపు 9, 10 రూపాయలు. శివార్లలో రెండు గదుల సెకండ్ హ్యాండ్ ఇల్లు నేను చూస్తున్నంతలో 11 నుంచి 15 వేలు. ఇక్కడ గదుల లెక్కలో హాలును కూడా గది అంటారు. "రెండు గదులు, వంటిల్లు" అంటే మన సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. మీ ముగ్గురికి మొదటి ఏడాదికి అది చాలు. మీ ఆవిడకు ఉద్యోగం వచ్చేదాకా 14 వేలు దాటకండి. వచ్చేటప్పుడు తాత్కాలిక బస, అడ్వాన్సు, మొదటి అద్దె, సామాను కలిపి 70, 80 వేల క్రోనాలు చేతిలో ఉంటే నిశ్చింత. జీతాలు ఇక్కడ 25న పడతాయి. జనవరి మధ్యలో చేరితే మొదటిది ఫిబ్రవరి 25కే రావచ్చు.

ఇల్లు చూసేటప్పుడు అడగాల్సినవి కొన్ని. వేడి, నీళ్లు అద్దెలో కలిసే ఉన్నాయా? అపార్ట్‌మెంట్లలో మామూలుగా కలిసే ఉంటాయి, కరెంటు ఒక్కటే వేరు. అదే విల్లా కింద భాగం అద్దెకు తీసుకుంటే, నేరుగా కరెంటు హీటర్లతో నడిచే ఇల్లయితే, జనవరి, ఫిబ్రవరి బిల్లు చూసి గుండె ఆగుతుంది. పోయిన ఏడాది చలికాలం బిల్లు చూపించమనండి. కరెంటుకు రెండు బిల్లులు వస్తాయని కూడా గుర్తుంచుకోండి, వాడకానికి ఒకటి, తీగలకు ఒకటి.

వంటగదిలో స్టవ్ మీది ఫ్యాన్ చూడండి. పాత బిల్డింగుల్లో అందరి గాలి గొట్టాలు ఒకటే కాబట్టి గాలి బయటికి పంపే ఫ్యాన్ పెట్టుకోనివ్వరు, ఫిల్టరుతో గాలిని మళ్లీ గదిలోకే వదిలేది ఉంటుంది. మన పోపు, చేపల పులుసు వాసన రెండు రోజులు కోట్లకు పట్టుకుని ఉంటుంది. కోట్ల అల్మరా తలుపు మూసి వండడం ఇక్కడ మన ఇళ్లన్నింటిలో ఉన్న అలవాటు. బట్టలు ఉతకడానికి బిల్డింగ్ కింద ఉమ్మడి గది ఉంటుంది, ట్వెట్‌స్టూగా అంటారు. సమయం బుక్ చేసుకోవాలి. అయిపోయాక ఫిల్టర్ దులిపి, నేల తుడిచి రావాలి. ఒక్కసారి మర్చిపోతే గోడ మీద మర్యాదైన భాషలో చాలా కోపంగా రాసిన చీటీ అంటిస్తారు. మా బోర్డుకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇవే.

తలుపు మీద పేరు గురించి తప్పక చెప్పాలి. ఇక్కడ ఉత్తరం ఫ్లాట్ తలుపుకున్న కన్నంలోంచి గానీ, కింద ఉన్న పెట్టెలో గానీ వేస్తారు. తలుపు మీద మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. పర్సనల్ నంబర్ ఉత్తరంలోనే వస్తుంది, బ్యాంకు కాగితాలూ అంతే. తాళాలు తీసుకునే రోజే ఓనర్ పేరు కింద మీ ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే, అంటించండి.

కొనడం గురించి. అద్దె దండగ అన్న లెక్క ఇక్కడ అంత తేలిక కాదు. బ్యాంకు మీ నుంచి ధరలో 10, 15 శాతమైనా సొంత డబ్బు అడుగుతుంది. పర్సనల్ నంబర్, శాశ్వత ఉద్యోగం, కొంతకాలపు జీతం చరిత్ర చూస్తుంది. కొన్ని బ్యాంకులు పర్మిట్ తాత్కాలికమైతే ఇంకా ఎక్కువ సొంత డబ్బు కట్టమంటాయి. అప్పు తీరేదాకా వడ్డీ కడతారు, దాని పైన సంఘానికి నెలనెలా ఫీజు కూడా. ఎక్కువమంది తీసుకునేది మూడు నెలలకోసారి మారే వడ్డీ. రిక్స్‌బ్యాంక్, అంటే ఇక్కడి రిజర్వ్ బ్యాంకు, వడ్డీ 2022 ఏప్రిల్ దాకా సున్నా, 2023 సెప్టెంబరుకల్లా 4 శాతం. 30 లక్షల క్రోనాల అప్పు మీద వడ్డీ ఒకటిన్నర శాతం ఉంటే నెలకు 3,750, నాలుగున్నర అయితే 11,250. 2021లో కొన్న మనవాళ్ల ఇళ్లలో వడ్డీ పెరిగిన ఆ రోజుల్లో దీని గురించి తప్ప వేరే మాటే ఉండేది కాదు. కట్టిన వడ్డీలో 30 శాతం పన్నులో తగ్గుతుంది కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత వడ్డీ తగ్గి 2025 సెప్టెంబరుకు 1.75కి వచ్చింది. మళ్లీ పెరగదని ఎవరూ రాసివ్వరు.

ఇంకా పెద్ద కారణం మీ పర్మిట్. అది ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే కొద్ది నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలి. 2025 మార్చిలో నార్త్‌వోల్ట్ బ్యాటరీ కంపెనీ దివాలా తీసినప్పుడు ఉత్తరాన స్కెల్లెఫ్టియోలో విదేశాల నుంచి వచ్చినవాళ్లెందరికో ఇదే ఎదురైంది. ఒకే పెద్ద కంపెనీ మీద బతికే ఊళ్లో ఇల్లు కొంటే ఉద్యోగమూ ఇంటి ధరా ఒకేసారి పడతాయి. స్టాక్‌హోమ్‌లో అంత ప్రమాదం లేదు, అయినా మొదటి పర్మిట్ పొడిగింపు వచ్చేదాకా ఆగమంటాను. ఆ తర్వాత కొనేటప్పుడు ఫ్లాట్ కంటే సంఘం లెక్కల పుస్తకం ముందు చూడండి: చదరపు మీటరుకు సంఘానికి ఎంత అప్పు ఉంది, నీళ్ల గొట్టాలు మార్చారా లేక మార్చాల్సి ఉందా, స్థలం సొంతమా లేక నగరం దగ్గర లీజా. ఫీజు తక్కువగా ఉందని మురిసిపోయి కొన్న ఏడాదికే గొట్టాల పని మొదలై ఫీజు పెరిగిన సంఘాలు నాకు తెలుసు. దీని మీద విడిగా అడిగితే రాస్తాను, ఇప్పుడు మీకు అవసరం లేదు.

బయలుదేరే ముందు ఇండియాలో చేయాల్సినవి. మీ పెళ్లి సర్టిఫికెట్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి, ఇంగ్లిష్‌లో. పాప జనన ధ్రువపత్రం మున్సిపాలిటీ నుంచి. అందులో పాప పేరు ఉందో లేదో ఇప్పుడే చూడండి. పుట్టిన వెంటనే తీసుకున్న పత్రాల్లో పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. పేరు ఎక్కించి కొత్తది తీసుకోవడానికి మీసేవ చుట్టూ కొన్నాళ్లు తిరగాల్సి రావచ్చు. రెండింటికీ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ, చేయించండి, ఒరిజినల్స్ చేతిసంచిలో పెట్టుకోండి. ఇక్కడికి వచ్చాక స్కాట్టెవెర్కెట్‌లో రిజిస్టర్ కావడానికి సర్వీస్ సెంటర్‌కు ముగ్గురూ కలిసి పాస్‌పోర్టులు, పర్మిట్ కార్డులతో వెళ్లాలి. పాపను ఇంట్లో వదిలి వెళ్తే మళ్లీ రమ్మంటారు.

కంపెనీతో ఆఫర్ ఇంకా మాట్లాడుతుంటే, జీతం పెంచమనే బదులు రెండు నెలల బస అడగండి. కంపెనీలకు అది ఇవ్వడం తేలిక. మీ జీతానికి, ఉద్యోగానికి విదేశీ నిపుణుల పన్ను రాయితీ వర్తిస్తుందేమో కూడా హెచ్ఆర్‌ని అడగండి. పని మొదలైన మూడు నెలల్లో దరఖాస్తు పెట్టకపోతే ఆ అవకాశం పోతుంది, ఎవరూ గుర్తుచేయరు. కాంట్రాక్టు ఏదైనా చేతికొస్తే సంతకానికి ముందు ఇక్కడ పెట్టండి, చూస్తాను. పేర్లు, అడ్రస్, నంబర్లు మాత్రం చెరిపేసి పెట్టండి.